101 హైవే పక్కన కనిపించే ఆ పెద్ద షెడ్ సంగతి: ఎయిర్‌షిప్ హ్యాంగర్లు చూడ్డానికి ఎలా వెళ్ళాలి, వెళ్ళాక ఏం చూడాలి

కాలిఫోర్నియా బే ఏరియాలో ఉండే మనవాళ్ళలో ఆ షెడ్ చూడనివాళ్ళు ఉండరు. మౌంటెన్ వ్యూ దగ్గర 101 మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు పక్కన సగం కోసిన గుమ్మడికాయని బోర్లించినట్టు ఒకటి కనిపిస్తుంది కదా, అదే. నేను ఆరేళ్ళు రోజూ దాని పక్కనుంచే ఆఫీసుకి వెళ్ళాను, ఒక్కసారి కూడా అదేంటి అని గూగుల్ చెయ్యలేదు. మా నాన్న విజిటర్ వీసా మీద వచ్చి కార్లో కూర్చున్న రెండో రోజే అడిగాడు, "ఏంట్రా అది, ఎఫ్‌సీఐ గోడౌనా?" అని. ఆయన జీవితమంతా రైస్ మిల్లులో చేశాడు లెండి, ఏ షెడ్ చూసినా బస్తాల లెక్కే. అప్పుడు సిగ్గేసి చదవడం మొదలుపెట్టాను, తర్వాత అది పిచ్చిగా మారింది, ఇప్పుడు ఎవరైనా అడిగితే గంట క్లాస్ పీకుతున్నాను కాబట్టి ఒకసారి రాసి పడేస్తే లింక్ పంపొచ్చు అని ఇది.

ముందు ఒక మాట. మామూలు విమానాల మ్యూజియంకి వెళ్ళినట్టు వీటికి వెళ్తే నిరాశపడతారు. "లోపల ఏముంది, నాలుగు పాత విమానాలు, అంతేగా" అని అరగంటలో బయటికొచ్చేస్తారు. ఇక్కడ చూడాల్సింది లోపల పెట్టిన వస్తువుల్ని కాదు, ఆ షెడ్‌నే. అందులో ఉండాల్సిన ఎయిర్‌షిప్, అంటే గాలికంటే తేలికైన వాయువు నింపుకుని ఎగిరే గాలి ఓడ, ఇప్పుడు లేదు, ఎప్పుడో పోయింది, ఆ ఖాళీ ఎంతుందో చూసి ఓడ ఎంతుండేదో ఊహించుకోవాలి.

అసలింత షెడ్ ఎందుకంటే, ఎయిర్‌షిప్‌కి శత్రువు గాలి. విమానాన్ని బయట కట్టేసి వదిలెయ్యొచ్చు, ఇది గాలికంటే తేలిక కాబట్టి గట్టి ఈదురుగాలి వస్తే కట్టిన చోట నిలవదు. షెడ్లోంచి బయటికి తియ్యడం, లోపలికి పెట్టడం అన్నిటికంటే గండం, వందలమంది తాళ్ళు పట్టుకుని లాగేవాళ్ళు, పక్కగాలి కొట్టిందంటే ఓడ వెళ్ళి తలుపుకి గుద్దుకునేది. అందుకే ఏ హ్యాంగర్‌కి వెళ్ళినా మొట్టమొదట చెయ్యాల్సిన పని, లోపలికి పరిగెత్తకుండా బయట నిలబడి తలుపులు ఎటు ఉన్నాయి, గాలి ఎటు వీస్తోంది అని చూడడం. జర్మనీలో జెప్పెలిన్ గారు 1900లో మొదటి ఓడ ఎగరేసినప్పుడు షెడ్‌ని ఏకంగా సరస్సు మీద తేలేలా కట్టించారు, గాలి ఎటు తిరిగితే షెడ్ అటు తిరుగుతుందని. ఈ ఒక్క సంగతి తెలిసి వెళ్తే మిగతాదంతా దానంతట అదే అర్థమవుతుంది.

ఇప్పుడు మన గుమ్మడికాయ. దాని పేరు హ్యాంగర్ వన్, అది ఉన్న ఎయిర్‌ఫీల్డ్ పేరు మాఫెట్ ఫీల్డ్. 1933కి కట్టడం పూర్తయింది. పొడవు 1,133 అడుగులు, వెడల్పు 308, ఎత్తు 198 అడుగులు, నేల విస్తీర్ణం ఎనిమిది ఎకరాలు. చార్మినార్‌ని తెచ్చి లోపల పెట్టినా మినార్ల కొనలు కప్పుకి తగలవు. ఇదంతా యూఎస్ఎస్ మేకన్ అనే ఒక్క ఓడ కోసం, దాని పొడవు 785 అడుగులు. ఆ మేకన్ కడుపులో చిన్న చిన్న యుద్ధవిమానాలు ఉండేవి, స్పారోహాక్ అంటారు, వాటిని కొక్కేనికి తగిలించి గాల్లోనే కిందికి వదిలేవాళ్ళు, తిరిగొచ్చేటప్పుడు పైలట్ తన విమానం మీదున్న హుక్‌ని ఓడ కింద వేలాడే కడ్డీకి తగిలించాలి. మాట్లాడుకోడానికి బాగుంటుంది కానీ ఆ పని చేసినవాళ్ళ గుండె ధైర్యానికి దణ్ణం పెట్టాలి.

మేకన్ ఇక్కడ రెండేళ్ళు కూడా నిలవలేదు. 1935 ఫిబ్రవరి 12న కాలిఫోర్నియా తీరంలో పాయింట్ సర్ దగ్గర గాలివానలో పై రెక్క ఊడిపోయి సముద్రంలోకి దిగిపోయింది. ఓడలో 83 మంది ఉంటే ఇద్దరే పోయారు. ఎందుకు ఇద్దరే అంటే, దాని అక్క ఓడ ఏక్రన్ 1933 ఏప్రిల్‌లో న్యూజెర్సీ తీరంలో పడిపోయినప్పుడు 76 మందిలో 73 మంది పోయారు, ఎక్కువమంది చల్లటి నీళ్ళలో లైఫ్ జాకెట్లు లేక. ఆ దెబ్బకి మేకన్‌లో జాకెట్లు, తెప్పలు పెట్టారు. ఏక్రన్‌తో పోయినవాళ్ళలో అడ్మిరల్ విలియం మాఫెట్ ఒకరు, ఆయన పేరే ఈ ఫీల్డ్‌కి పెట్టింది. మనం రోజూ "మాఫెట్ ఎగ్జిట్ తీసుకో" అంటాం చూడండి, ఆయనే.

చూడాలంటే ఎలా. హ్యాంగర్ వన్ లోపలికి మామూలు జనాన్ని పంపరు, ఆశ పెట్టుకోకండి. పాత గోడ రేకుల్లో పీసీబీలనే విషపు రసాయనాలు ఉన్నాయని తేలాక 2011, 2012ల్లో ఆ తొడుగంతా ఊడబీకేసి ఏళ్ళ తరబడి ఎముకలగూడులా వదిలేశారు, 2014లో గూగుల్ వాళ్ళ కంపెనీ 60 ఏళ్ళ లీజుకి తీసుకుని మళ్ళీ కొత్త తొడుగు వేయించింది. అస్థిపంజరంగా ఉన్నప్పుడు ఫోటోలు తీసుకున్నవాళ్ళు అదృష్టవంతులు, నేను ఆ రోజుల్లో దాని పక్కనే హారన్ కొట్టుకుంటూ కూర్చున్నాను. కానీ ఆ ఆవరణలోనే మాఫెట్ ఫీల్డ్ హిస్టారికల్ సొసైటీ వాళ్ళ చిన్న మ్యూజియం ఉంది, మేకన్ మోడల్స్, ఫోటోలు, నేవీ రోజుల సామాన్లు. అది ఫెడరల్ స్థలం కాబట్టి గేట్ దగ్గర ఐడీ చూపించాలి, డ్రైవర్ ఒక్కడిదే కాదు, అమ్మానాన్నలుంటే వాళ్ళ పాస్‌పోర్టులు కూడా ఒరిజినల్స్ పట్టుకెళ్ళండి, ఫోన్‌లో స్కాన్ ఉంది కదా అని వెళ్ళి గేట్ దగ్గర బతిమాలకండి. వారంలో కొన్ని రోజులే తెరుస్తారు, ముందురోజు వెబ్‌సైట్ చూసుకుని కుదిరితే ఫోన్ కూడా చేసుకోండి, నడిపేది వాలంటీర్లు కాబట్టి టైమింగ్స్ మారతాయి. మ్యూజియంకి వెళ్ళే దారిలోనే హ్యాంగర్ పక్కనుంచి వెళ్తారు, కమలాపండు తొనల్లా చీలి రెండు వైపులకీ జరిగే ఆ తలుపులు దగ్గరగా కనిపిస్తాయి. మామూలు తలుపులు బయటికి తెరుచుకుని నిలబడితే గాలి వాటికి కొట్టి సుడులు తిరుగుతుంది, ఓడకి ప్రమాదం, అందుకని గుండ్రంగా పక్కకి ఒదిగిపోయేలా చేశారు.

గేట్ గొడవ వద్దనుకుంటే బే ట్రైల్ మీద సైకిల్ వేసుకెళ్ళండి. స్టీవెన్స్ క్రీక్ వైపునుంచి సన్నీవేల్ వైపుకి ఫీల్డ్ వెనకాలగా దారి ఉంది, ఫ్రీ, ఐడీ అక్కర్లేదు, అక్కడినుంచి హ్యాంగర్ కనిపిస్తుంది. సాయంత్రం ఎండ వాలేటప్పుడు బాగుంటుంది, గాలి మాత్రం చంపేస్తుంది, జాకెట్ పట్టుకెళ్ళండి. అదృష్టం బాగుంటే నిజం ఎయిర్‌షిప్పే కనబడొచ్చు, గూగుల్ పెట్టినవాళ్ళలో ఒకడైన సెర్గీ బ్రిన్ డబ్బు పెట్టిన ఎల్‌టీఏ రీసెర్చ్ వాళ్ళు పాత్‌ఫైండర్ 1 అని 124 మీటర్ల ఓడని ఇక్కడే పరీక్షిస్తున్నారు. డ్రోన్ ఎగరెయ్యాలన్న ఆలోచన ఉంటే ఇంట్లోనే వదిలేసి రండి, అది ఎయిర్‌ఫీల్డ్.

ఇక అసలు విందు. లోపలికి వెళ్ళి తల పైకెత్తి నోరు తెరవాలంటే ఆరెగన్‌లో టిల్లమూక్. విచిత్రం ఏంటంటే అది కూడా 101 మీదే, అదే రోడ్డు, ఏడెనిమిది వందల మైళ్ళ పైన. (ఒక్క రోజులో డ్రైవ్ చేసేద్దాం అనుకోకండి, మేం అనుకున్నాం, వద్దు.) పోర్ట్‌లాండ్ నుంచైతే హైవే 6 మీద రెండు గంటల లోపే, హిల్స్‌బరో, బీవర్టన్ మనవాళ్ళైతే పొద్దున టిఫిన్ చేసి బయల్దేరి సాయంత్రం టీకి ఇంటికి రావొచ్చు. మా బావగారు హిల్స్‌బరోలోనే పదేళ్ళనుంచి ఉన్నారు, టిల్లమూక్ చీజ్ ఫ్యాక్టరీకి వచ్చే చుట్టాలనందర్నీ తీసుకెళ్తారు, అక్కడికి కాస్త దూరంలోనే ఉన్న ప్రపంచంలో పెద్ద చెక్క కట్టడాల్లో ఒకదానికి ఎప్పుడూ వెళ్ళలేదు. మీరలా చెయ్యకండి, ఐస్‌క్రీం తర్వాత.

టిల్లమూక్ ఎయిర్ మ్యూజియం ఉన్నది హ్యాంగర్ బీలో. 1943లో కట్టారు, పొడవు 1,072 అడుగులు, వెడల్పు 296, ఎత్తు 192, లోపల నేల ఏడెకరాల పైమాటే. మొత్తం కలపే. యుద్ధం మధ్యలో ఉక్కు ఓడలకీ ట్యాంకులకీ కావాలి కాబట్టి దుంగలతో కట్టమన్నారు, ఇలాంటివి దేశం మొత్తం మీద 17 కట్టారు. ఇక్కడ ఉండే ఓడలు మేకన్ అంత పెద్దవి కావు, కే-షిప్ అనే బ్లింప్‌లు (లోపల గట్టి చట్రం లేకుండా వాయువుతోనే ఉబ్బి నిలిచే రకం), ఒక్కోటి దాదాపు 250 అడుగులు, ఈ బేసులో ఎనిమిది ఉండేవి. తీరం పొడుగునా జపాన్ సబ్‌మెరైన్ల కోసం కాపలా కాసేవి. విమానమైతే పెట్రోలు అయిపోతుందని తిరిగొచ్చెయ్యాలి, ఇవి నిదానంగా గంటల తరబడి సముద్రం మీద తచ్చాడగలవు, నీళ్ళలోకి తొంగి చూడ్డానికి అదే కావాలి.

లోపలికి వెళ్ళగానే టికెట్ కౌంటర్, బొమ్మలు, గిఫ్ట్ షాపు దాటాక అసలు హాల్లోకి అడుగుపెడతారు. అక్కడ ఆగండి. విమానాల దగ్గరికి వెళ్ళకండి. పిల్లలు పరిగెడతారు, పరిగెత్తనివ్వండి, వాళ్ళు అవతలి చివరికి చేరేసరికి చీమలంత కనిపిస్తారు, ఆ షెడ్ కొలత అర్థం కావడానికి అంతకంటే మంచి ఉపాయం లేదు. తర్వాత పైకి చూడండి, దూలాలు ఒకదానిమీద ఒకటి వంగి ఎలా కలిశాయో, దేని బరువు ఎటు దిగుతోందో కాసేపు కళ్ళతో వెంటపడండి. మా నాన్న పావుగంట అలాగే తల పైకెత్తి నిలబడి చివరికి అన్నాడు, "కలప ఆరకుండానే వాడేశార్రా, చూడు పగుళ్ళు" అని. అది నిజమో కాదో అక్కడి వాలంటీర్ పెద్దాయన్ని అడిగితే ఇద్దరూ కలిసి ఆ టాపిక్ మీద ఇంకో అరగంట, మధ్యలో నేను దుబాసీ. యుద్ధం అర్జెంటు, ఆరబెట్టే టైం ఎక్కడిది అన్నాడాయన.

తలుపుల దగ్గరికి తప్పకుండా నడవండి. 120 అడుగుల ఎత్తు, ఒక్కోవైపు ఆరు పలకలు, ఒక్కో పలక 30 టన్నులు, రైలు పట్టాల మీద జరుగుతాయి. ఆ పట్టాలు కింద చూడండి.

పక్కన ఖాళీ స్థలం ఎందుకు ఉందో కూడా అడగండి. అక్కడ హ్యాంగర్ ఏ ఉండేది, దాన్ని 27 రోజుల్లో లేపారని మ్యూజియం వాళ్ళు గర్వంగా చెప్తారు. 1992లో కాలిపోయింది, అప్పుడు లోపల ఎండుగడ్డి నిల్వ పెట్టారట. ఇది విని మా నాన్న, "గడ్డివామి ఇంట్లో పెట్టుకుంటాడా ఎవడైనా" అన్నాడు. పచ్చిగా కట్టిన వామి లోపల్లోపల వేడెక్కి రగులుకోవడం మనూళ్ళల్లో తెలియనిదేం కాదు కదా. ఇక్కడ అలాగే అంటుకుందని నేను చెప్పట్లేదు, కానీ ఎకరాల కలప గూట్లో గడ్డి పెట్టడం మాత్రం గడ్డి పనే. కాలిఫోర్నియాలో టస్టిన్‌లో ఇలాంటివే రెండు చెక్క హ్యాంగర్లు ఉంటే 2023 నవంబర్‌లో ఒకటి కాలిపోయింది, రోజుల తరబడి మండింది. టస్టిన్ వైపు ఉన్నవాళ్ళు "ఎప్పుడైనా వెళ్దాంలే" అని వాయిదా వేసినవాళ్ళే, నా ఫ్రెండ్స్ ముగ్గురు.

టిల్లమూక్‌కి పట్టుకెళ్ళాల్సినవి. స్వెటర్, ఆగస్టులో కూడా. అంత షెడ్‌ని ఎవరు వేడి చేస్తారు, బయట ఎండ ఉన్నా లోపల మంచుగడ్డే, పెద్దవాళ్ళు ఉంటే కోతిటోపీ కూడా తప్పు లేదు. నేల సిమెంటు, చాలా నడక, చెప్పులు కాకుండా బూట్లు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి వీల్‌చెయిర్ ఉందేమో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. పులిహోర డబ్బా కార్లోనే ఉంచి బయట తినండి. రెండు గంటలు చాలు, ఫోటో పిచ్చి ఉంటే మూడు. ఎదురుగా బయట మినీ గప్పీ అని బుర్ర ఉబ్బిన విమానం ఒకటి ఉంటుంది, పెద్ద పెద్ద సరుకుల కోసం చేసింది, దాని ముందు ఫోటో దిగకుండా ఎవరూ రారు. ఒకప్పుడు లోపల ఇంకా చాలా విమానాలుండేవి, 2014లో ఓ పెద్ద కలెక్షన్ అదే రాష్ట్రంలో మద్రాస్ అనే ఊరికి వెళ్ళిపోయింది (అవును, మద్రాసే, అక్కడ ఇడ్లీ దొరకదు), అందుకని పాత రివ్యూలు చదివి వెళ్తే "అది ఏదీ" అని వెతుక్కోవాల్సొస్తుంది.

ఫోటోల గురించి రెండు ముక్కలు. ఖాళీ హ్యాంగర్‌ని ఖాళీగా తీస్తే ఏ ఫంక్షన్ హాల్లోనో తీసినట్టుంటుంది. మనిషి ఉండాలి ఫ్రేములో, అదీ దగ్గరగా కాదు, దూరంగా, తలుపు పాదం దగ్గర. వైడ్ లెన్స్ పెట్టి అంతా పట్టించాలని చూస్తే ఎత్తు చచ్చిపోతుంది, ఫోన్‌ని అడ్డంగా పట్టుకుని కింద నుంచి పైకి పనోరమా తియ్యండి. వెలుతురు తలుపుల వైపు నుంచి వస్తుంది కాబట్టి మీ వెనక తలుపు ఉండేలా నిలబడండి. మిలటరీ బేసుల్లో అయితే ఫోటో తియ్యొచ్చా అని అడిగి మాత్రమే ఫోన్ బయటికి తియ్యండి, అడిగితే పోయేదేం లేదు.

బేసు అంటే గుర్తొచ్చింది, న్యూజెర్సీ లేక్‌హర్స్ట్. 1937 మే 6న హిండెన్‌బర్గ్ అనే జర్మన్ ఎయిర్‌షిప్ కాలిపోయిన చోటు, 36 మంది పోయారు. ఎడిసన్ నుంచి గంట దూరం. హైడ్రోజన్ నింపారు కాబట్టి అలా భగ్గుమంది, అమెరికా నేవీ ఓడల్లో హీలియం ఉండేది, అది కాలదు, మేకన్, ఏక్రన్‌లు కాలిపోలేదు, గాలికి పడిపోయాయి. లేక్‌హర్స్ట్‌లో 1921 నాటి హ్యాంగర్ వన్ ఇప్పటికీ ఉంది, హిండెన్‌బర్గ్ పడిన చోట గొండోలా (ఓడ కింద ఉండే గది) ఆకారంలో నేల మీద గొలుసు చుట్టి గుర్తు పెట్టారు. అయితే అది పనిచేస్తున్న మిలటరీ బేసు, కార్లో వెళ్ళి గేట్ ముందు దిగితే లోపలికి పంపరు. నేవీ లేక్‌హర్స్ట్ హిస్టారికల్ సొసైటీ వాళ్ళు గైడెడ్ టూర్ పెడతారు, వారాల ముందు రిజిస్టర్ చేసుకోవాలి, ప్రతి మనిషి వివరాలూ ఇవ్వాలి, సిటిజెన్ కానివాళ్ళకి రూల్స్ ఏంటో అప్పుడే మెయిల్‌లో అడగండి. హెచ్1బీ మీద ఉన్నాం, గ్రీన్‌కార్డ్ ఉంది, అమ్మానాన్న బీ2 మీద ఉన్నారు, అన్నీ వేరువేరుగా రాయండి. నేను ఒకచోట (పేరెందుకులెండి) నా పేరు ఒక్కటే ఇచ్చి మిగతావాళ్ళు నాతోపాటే కదా అని వెళ్ళాను, నలుగురం వెళ్తే ఒక్కణ్ణి లోపలికి రమ్మన్నారు. మా ఆవిడ ఇప్పటికీ ఆ డ్రైవ్ గురించి ఎత్తుతుంది.

ఒహాయోలో ఏక్రన్ అనే ఊళ్ళో ఉన్న ఎయిర్‌డాక్ అనే హ్యాంగర్ ఇంకా పొడవు, 1929ది, 1,175 అడుగులు, మేకన్‌ని కట్టింది అందులోనే. బయట నుంచి చూడ్డమే, దానికోసం ప్రత్యేకంగా వెళ్ళక్కర్లేదు, అటు వెళ్తే ఆగండి.

యూరప్‌లో ఉన్నవాళ్ళకి. ఇంగ్లండ్‌లో బెడ్‌ఫోర్డ్ పక్కన కార్డింగ్టన్‌లో రెండు భారీ షెడ్లున్నాయి, లోపలికి ప్రవేశం లేదు, సినిమా షూటింగులకి వాడుతుంటారు, షార్ట్స్‌టౌన్ రోడ్ల మీద నుంచి చూసుకోవాలి. కానీ మనవాళ్ళు వెళ్ళాల్సిన చోటు ఇదే అంటాను నేను. ఎందుకంటే ఆర్101 అనే ఓడ 1930 అక్టోబర్ 4 సాయంత్రం ఇక్కడి నుంచి బయల్దేరింది మనవైపుకి, అప్పటి ఇండియాలో కరాచీకి. కరాచీలో దానికోసం అంత షెడ్డూ కట్టి పెట్టారు. తెల్లారేలోపే ఫ్రాన్స్‌లో బోవే దగ్గర కొండవాలుకి తగిలి కాలిపోయింది, 54 మందిలో 48 మంది పోయారు, విమానయాన మంత్రి లార్డ్ థామ్సన్‌తో సహా. కరాచీ షెడ్‌కి ఓడ ఎప్పుడూ రాలేదు, ఖాళీగా నిలబడి నిలబడి తర్వాత పడగొట్టేశారు. పెళ్ళికి పందిరేసి పెళ్ళికొడుకు రాని ఇల్లు అది. కార్డింగ్టన్ ఊరి చర్చిలో ఆర్101 మీద ఎగిరిన కాలిన జెండా ఉంది, ఎదురుగా పోయినవాళ్ళందరి సమాధి. షెడ్లు చూసి అటు నడవండి.

జర్మనీలో చదువుకుంటున్న పిల్లలైతే ఫ్రీడ్రిక్స్‌హాఫెన్. ఉల్మ్ మీదుగా రీజనల్ ట్రైన్, మీ దగ్గర ఉన్న డాయిచ్‌లాండ్ టికెట్ సరిపోతుంది. జెప్పెలిన్ మ్యూజియం సరస్సు ఒడ్డున పాత రైల్వే స్టేషన్లోనే ఉంది. హిండెన్‌బర్గ్‌లో 33 మీటర్ల ముక్కని అచ్చంగా మళ్ళీ కట్టి పెట్టారు, మెట్లెక్కి లోపలికి వెళ్ళి క్యాబిన్లు చూడొచ్చు, అంత డబ్బు పోసి కొన్న క్యాబిన్ మన స్లీపర్ బెర్త్ కంటే కాస్తే నయం. పై అంతస్తులో ఆర్ట్ గ్యాలరీ, ఓపిక ఉంటే. బయట ఆకాశంలో జెప్పెలిన్ ఎన్‌టీ అనే ఈ కాలపు ఎయిర్‌షిప్ తిరుగుతూ కనిపిస్తుంది, ఎక్కాలంటే వందల యూరోలు, స్టూడెంట్ బడ్జెట్‌కి ఒడ్డున కూర్చుని చూడ్డమే బెటర్.

మేకన్ కొక్కేనికి వేలాడిన ఆ స్పారోహాక్‌లు నాలుగు ఓడతోపాటు పసిఫిక్ అడుగున ఉన్నాయి. మిగిలింది ఒకే ఒక్కటి, స్మిత్‌సోనియన్ వాళ్ళ దగ్గర. వర్జీనియాలో డల్లస్ ఎయిర్‌పోర్ట్ పక్క ఉడ్వార్-హేజీ సెంటర్‌కి వెళ్ళినప్పుడు (ఎంట్రీ ఫ్రీ, పార్కింగ్‌కి డబ్బులు) అందరూ డిస్కవరీ షటిల్ వైపు, కాంకర్డ్ వైపు పరిగెడతారు, మీరు ఆ బుల్లి విమానం పైన ఉన్న హుక్ వెతకండి.

చివరగా, ఇవేవీ ఇప్పట్లో కుదరవు అనేవాళ్ళకి వైజాగ్ ఉంది. నవ్వకండి. బీచ్ రోడ్ మీద 2017 నుంచి టీయూ-142 విమానం మ్యూజియంగా ఉంది, 53 మీటర్ల పొడవు, నేవీలో 29 ఏళ్ళు చేసింది. టిల్లమూక్ బ్లింప్‌లు చేసిన పనే ఇదీ చేసింది, సముద్రం మీద గంటల తరబడి తిరిగి సబ్‌మెరైన్లని పట్టుకోవడం. వెనక తోక కొసకి వెళ్ళి చూడండి, పైన సూదిగా ఒక గొట్టం పొడుచుకొచ్చి ఉంటుంది, నీళ్ళ కింద ఇనుముంటే అయస్కాంతంలో తేడా పట్టే పరికరం ఉండేది అందులో, కే-షిప్‌ల మీద కూడా ఇదే రకం పరికరం పెట్టారు. సోమవారం కాకుండా, ఎండ తగ్గాక సాయంత్రం వెళ్ళండి, ముందు దీని కింద నడిచి, తర్వాత రోడ్డు దాటండి. అటు పక్కనే కురుసుర ఉంది, సబ్‌మెరైన్. మొన్న నాన్నని అక్కడికి తీసుకెళ్తే వేటాడేదాన్నీ వేటాడబడేదాన్నీ ఎదురెదురుగా పెట్టారు చూశావా అని వరసగా రెండుసార్లు అన్నాడు, తర్వాత మురీ మిక్చర్ బండి ఎక్కడుందని అడిగాడు.